నాకు ఇష్టమైన చెట్టు - చింతచెట్టు

(మన సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశములో చేసిన ప్రసంగ పాఠం)

 

ముందుగా ఒక మనవి. నేను ఉర్దూ మీడియం అయ్యవారిని. ఇరవై ఏళ్లుగా అలిఫ్, బే చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. నా తెలుగు బజారులోను, బస్‌స్టాండులోను, ఇరుగుపొరుగు వారి వద్దను నేర్చుకున్న తెలుగు. "మాస్టారూ, మన పిల్లలలో చాలామంది ఇప్పుడు తెలుగు, ఇంగ్లీషు మీడియంలలో చదువుతున్నారు, ఈసారి మీరు తెలుగులో మాట్లాడండి, సావనీరులో కూడా తెలుగులోనే వేద్దాం" అని కార్యదర్శి గారు అన్నందున ఈ సాహసం చేస్తున్నాను. తప్పులు దొర్లితే పెద్దమనసుతో మన్నించగలరు.

నన్ను విద్య గురించి మాట్లాడమన్నారు. విద్య గురించి ఏటేటా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. నేను ఈ రోజు ఒక చెట్టు గురించి మాట్లాడతాను. విద్యా సభలో చెట్టు గోల ఏమిటని కొందరు అనుకోవచ్చును. కాస్త ఓపిక పట్టండి, చివరికి సంగతి మీకే తెలుస్తుంది.

మొన్న ఏడవ తరగతి పిల్లలకు "నాకు ఇష్టమైన చెట్టు" అని ఒక మజ్మూన్ రాసుకు రమ్మన్నాను. నలభై మంది రాశారు. ముప్పై మంది మామిడి, మిగిలిన వారు వేప. అందరివీ ఒకే మాటలు. మామిడి పండ్లలో రాజు, వేప గాలి ఆరోగ్యము. గైడు పుస్తకం చూసి దింపారని నాకు అర్థమైంది. కొంచెం కోపం చేశాను. అప్పుడు వెనుక బెంచీలో ఉన్న ఒక అమ్మాయి లేచి, "సార్, మరి మీకు ఏ చెట్టు ఇష్టం?" అని అడిగింది. నేను ఆలోచించకుండానే "ఇమ్లీ కా దరఖ్త్, చింతచెట్టు" అన్నాను. తరగతి అంతా గొల్లున నవ్వింది. "సార్, దాని మీద దెయ్యాలుంటాయి!" అన్నారు. ఆ పిల్లలకు నేను చెప్పిన జవాబునే కొంచెం పెంచి మీకూ చెబుతున్నాను.

మొదట పేరు సంగతి. అరబ్బులు ఈ చెట్టు పండును తమ్ర్ హిందీ అన్నారు. అంటే హిందూస్తాన్ ఖర్జూరము అని అర్థం. ఆ మాటే దేశాలు తిరిగి ఇంగ్లీషులో టామరిండ్ అయింది. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో కూడా ఇండికా అని మన దేశం పేరే ఉంది. కాని చిత్రమేమంటే, చింత పుట్టిల్లు ఆఫ్రికా ఖండమని ఆ శాస్త్రజ్ఞులే చెబుతారు. ఎన్ని వేల ఏళ్ల కిందట వచ్చిందో గాని, వచ్చి ఇక్కడి మట్టిలో వేళ్లు దించింది, ఇక్కడి ఎండ కాచింది, ఇక్కడి కూడులో కలిసింది. ఈ రోజు చింతను పరాయి చెట్టు అనే మొనగాడు ఎవరైనా ఉన్నాడా? ఇంతకంటె ఈ విషయం పొడిగించను.

ఇక వంటింటి సంగతికి వద్దాము. ఈ మాట తల్లులకు నాకంటె బాగా తెలుసు. చింతపండు లేకుంటే మన ఖట్టీ దాల్ లేదు, బగారా బైంగన్ లేదు, మిర్చీ కా సాలన్ లేదు. పక్కింటి రెడ్డిగారింట్లో చారు లేదు, పులిహోర లేదు. ఎండాకాలం మొదట్లో పాత ఆకు రాలి కొత్త ఆకు వస్తుంది. ఆ లేత ఆకు కోసుకొచ్చి, నలిపి, ఈనెలు తీసి, మాంసంలో వేసి వండుతారు. దాన్ని మన ఇండ్లలో ఏమంటారు? చిగుర్ గోష్త్. ఉర్దూ లుగత్ తెరిచి చూడండి, లేత ఆకుకు కోంపల్ అని ఉంటుంది. కాని మా అమ్మీ గాని, మా దాదీ గాని ఏనాడూ కోంపల్ గోష్త్ అన్నది లేదు. చిగుర్ అనే అన్నారు. చిగురు అచ్చమైన తెలుగు మాట. చింతచెట్టు కింద నిలబడి ఆకు కోసిచ్చిన తెలుగు తల్లి నోటి నుండి ఆ మాట మన అమ్మమ్మల నోటికి వచ్చింది, గిన్నెలో పడింది, మన భాష అయిపోయింది. భాషలు పుస్తకాలలో కంటె పొయ్యి దగ్గర ఎక్కువ కలుస్తాయని నేను పిల్లలకు చెబుతుంటాను.

కాయ సంగతి సరే. గింజను చూడండి. చింతగింజలు అరగదీసి పచ్చీసు, అష్టాచెమ్మా ఆడని ఆడపిల్ల మా కాలంలో లేదు. నేను ఒకటవ తరగతికి కూడికలు, తీసివేతలు ఇప్పటికీ చింతగింజలతోనే చెబుతాను. ఇంట్లో ఎవరైనా కాలం చేస్తే తెల్లని దుప్పటి పరచి, గింజలు కుప్పగా పోసి, ఒక్కొక్కటే తీస్తూ కలిమా చదువుతారు. మా దాదీ పోయిన రోజున నేను తీసిన గింజల నునుపు నా వేళ్లకు ఇంకా గుర్తున్నది. ఆడుకోవడానికి అదే గింజ, లెక్క నేర్వడానికి అదే గింజ, పోయినవారి కోసం దుఆ చేయడానికి అదే గింజ.

కొయ్య మాటకొస్తే, మన ఖురేషీ భాయిలను అడగండి, మాంసం కొట్టే మొద్దు ఏ చెట్టుదని. చింతమొద్దు అంటారు. ఎన్ని కత్తి దెబ్బలు పడ్డా చీలదు. గ్వాలియర్‌లో తాన్‌సేన్ సమాధి వద్ద ఒక చింతచెట్టు ఉన్నది. దాని ఆకు నమిలితే గొంతు తీయగా అవుతుందని గాయకులు వెళ్లి ఆ ఆకు తినే ఆచారం ఉంది. పుల్లని ఆకు తిని తీయని గొంతు కోరడం! చింతకు అంత గౌరవం ఉన్నది.

ఇక దెయ్యాల మాట. పొద్దుగూకగానే చింత తన ఆకులను ముడుచుకుంటుంది. పగలు పలచగా, చల్లగా ఉన్న చెట్టు రాత్రికి మరో తీరుగా కనపడుతుంది. దట్టమైన కొమ్మలు, గబ్బిలాలు, గాలికి గలగలలాడే ఎండుకాయలు. మనిషి భయపడ్డాడు, భయానికి ఒక పేరు పెట్టుకున్నాడు. పిల్లలతో అన్నాను - "బేటా, చింతచెట్టు మీద దెయ్యాలు ఉన్నాయో లేవో నేను చూడలేదు. కాని ఒక చింతచెట్టు మీద నూట యాభై మంది మనుషులు ఉండగా చూసిన ఊరు ఒకటి ఉన్నది. ఆ కథ చెబుతాను వినండి."

ఆ ఊరు హైదరాబాదు. నేను ఐదవ తరగతిలో ఉండగా మా దాదీకి జబ్బు చేస్తే అబ్బా మమ్మల్ని ఉస్మానియా ఆసుపత్రికి తీసుకువెళ్లారు. జిల్లాలలో మన బోటి వారికి పెద్ద జబ్బు వస్తే అప్పుడు అదే దిక్కు. దాదీ లోపల వార్డులో, మేము బయట. ఆసుపత్రి ఆవరణలో మూసీ వైపున ఒక పెద్ద చింతచెట్టు. దాని కింద మా లాంటి వారే ఎందరో, టిఫిన్ డబ్బాలు విప్పుకుని, చాపలు పరచుకుని ఉన్నారు. అబ్బా నన్ను ఆ చెట్టు మొదలు దగ్గరకు తీసుకుపోయి, "దీన్ని ముట్టుకో బేటా" అన్నారు. ముట్టుకున్నాను. గరుకుగా, వేడిగా ఉన్నది. అప్పుడు చెప్పారు.

1908వ సంవత్సరం సెప్టెంబరు 28. హిజ్రీ 1326, రంజాను నెల అప్పుడే మొదలైంది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ గారి కాలం. ఎడతెరిపి లేని వాన. పైనున్న చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగి, ఆ నీరంతా మూసీలో పడింది. నది ఒడ్డు దాటి ఊరి మీదికి వచ్చింది. నది మీది వంతెనలు దెబ్బతిన్నాయి. 1578లో కుతుబ్ షాహీలు కట్టిన పురానాపూల్ మాత్రం నిలబడింది. సుమారు 15,000 మంది ప్రాణాలు పోయాయని చెబుతారు. ఇండ్లు పోయినవారు వేలకు వేలు. అఫ్జల్‌గంజ్ దగ్గర పరుగెత్తడానికి తోవ లేని వారు కనిపించిన ఈ చింతచెట్టు ఎక్కారు. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు. హిందువులు, ముసల్మానులు. ఒక కొమ్మ మీద చోటు అడిగేటప్పుడు ఎవరూ ఎవరి మజహబ్ అడిగి ఉండరు. రెండు రోజుల పాటు అలాగే పట్టుకుని ఉన్నారని చెబుతారు. కింద నీళ్లు సుళ్లు తిరుగుతూ పోతున్నాయి. చెట్టు కదలలేదు. నూట యాభై మందికి పైగా బతికి దిగారు.

ఉర్దూ చదివిన వారందరికీ రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ తెలుసు. ఆ వరదలోనే ఆయన తల్లి, భార్య, కూతురు ఆయన కళ్ల ముందే కొట్టుకుపోయారు. ఆయన ఒక్కరు మిగిలారు. ఆయన రుబాయీ పాఠం చెప్పేటప్పుడు ఆ సంగతి నేను తప్పక చెబుతాను. లేకుంటే ఆ నాలుగు పంక్తుల బరువు పిల్లలకు తెలియదు.

ఆ తరువాత 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన సలహా ప్రకారమే మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. ఒకటి 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి. 1925 నాటికి ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ గారి పేరున ఆసుపత్రి పెద్ద భవనం లేచింది. ఇంత కట్టడం జరిగినా ఆ చెట్టును తీయలేదు చూశారా! తీసి ఉంటే మా అబ్బా నన్ను దేన్ని ముట్టుకోమనేవారు? సెప్టెంబరు 28 వస్తే కొందరు పెద్దలు ఆ చెట్టు కింద కూడి నాటి మృతులను తలచుకోవడం కూడా జరుగుతూ వచ్చింది.

మా దాదీ ఆ ఆసుపత్రి నుండి నడిచి ఇంటికి వచ్చింది, అల్హమ్దులిల్లాహ్. ఇంకా ఆరేళ్లు బతికింది. అది డాక్టర్ల చలవ, అల్లా దయ. కాని చిన్నపిల్లవాడి మనసు కదా, నేను ముట్టుకున్న చెట్టుకు కూడా అందులో భాగం ఉన్నదని చాలాకాలం అనుకున్నాను.

ఇంతవరకు చెప్పిన కథ పిల్లలకు చెప్పాను. ఇక చెప్పబోయేది పిల్లలకు చెప్పలేకపోయాను. పెద్దలు మీ ముందు చెబుతున్నాను.

చింతచెట్టు ఇష్టమని ఇంతసేపు చెప్పిన ఈ మనిషే ఒక చింతచెట్టును కొట్టించాడు.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక బడిలో కొంతకాలం ఇన్‌ఛార్జి హెడ్‌మాస్టరుగా ఉన్నాను. రెండు కొత్త గదులు మంజూరైనవి. ఆవరణలో ముసలి చింతచెట్టు ఒకటి ఉన్నది. గదులకు గీసిన గీత దాని మీదుగా పోయింది. కొట్టడానికి అనుమతి కావాలంటే కాగితం రాయాలన్నారు. నేను రాశాను. "చెట్టు లోపల పుచ్చిపోయి విద్యార్థులకు ప్రమాదకరముగా ఉన్నది" అని నా చేతితో, నా దస్తూరీతో రాశాను. చెట్టుకు పుచ్చు లేదని నాకు తెలుసు. అలా రాస్తేనే పని త్వరగా అవుతుందని ఎవరో చెప్పారు, నేను విన్నాను. గదులు వెనక్కి పోతాయేమోనన్న భయం ఒకటి. గదులు తెచ్చిన సారు అనిపించుకోవాలనే ఆశ ఇంకొకటి. దాచడం ఎందుకు?

రెండు రోజులు కొట్టారు. మూడవ రోజు మొదలు తెగి పడింది. మా బడి ఊడ్చే ముసలమ్మ వచ్చి ఆ మొద్దు చుట్టూ తిరిగి చూసింది. పైన లేత పసుపు, లోపల నల్లని ఎరుపు, రాయిలాంటి చేవ. నా దగ్గరకు వచ్చి, "సారూ, లోపల పుచ్చిందన్నరు గదా, ఏడున్నది పుచ్చు?" అని అడిగింది.

నేను ఏమీ అనలేదు. ఏమనగలను? పుచ్చు ఎక్కడున్నదో నాకు తెలుసు.

తరువాత తెలిసింది. ఏటా రాలిన కాయ ఏరుకుని, గింజ తీసి, పండు ముద్దలు చేసి అమ్ముకుని, ఆ డబ్బుతో మనుమరాలికి పుస్తకాలు కొనేదట. ఎండాకాలం చిగురు కూడా మన వాళ్ల ఇండ్లకే తెచ్చి అమ్మేది. ఎన్నేళ్లు పనిచేసినా ఆ సంగతి నాకు తెలియదు. మరుసటి ఏడు పిల్లలు మధ్యాహ్న భోజనం రేకుల కింద తిన్నారు. చెమటలు కారుతూ తిన్నారు. నా మనసు ఊరుకోక పది మొక్కలు తెచ్చి నాటించాను. వేసవి సెలవుల్లో నీళ్లు పోసే దిక్కు లేక పదీ ఎండిపోయాయి. ఒకనాడు గదులు కట్టిన మేస్త్రీ కనపడితే మాటల్లో అన్నాడు - "పది అడుగులు జరపమని అప్పుడే అంటే జరిపేటోళ్లం సార్. మీరు అడగలేదు."

నేను అడగలేదు. అంతే సంగతి. అది నా జీవితంలో నేను రాసిన అబద్ధాలలో అన్నింటికంటె అందమైన దస్తూరీతో రాసినది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మన సొసైటీకి దాతల పుణ్యమా అని స్థలం సమకూరింది. అక్కడ షాదీఖానా కట్టాలన్నది మన అందరి కల. బీదవారి ఆడపిల్లల నికాహ్‌లకు టెంటు, కుర్చీల బాడుగలకే అప్పులు చేస్తున్న రోజులివి. కట్టి తీరవలసినదే. అందులో నాకు రెండో మాట లేదు. ప్లాను ఆఫీసు గోడకు అంటించారు, మీరంతా చూశారు. తూర్పు మూల వంటశాల. ఆ వంటశాల మధ్యలో ఒక ఎర్ర గుర్తు. ఆ గుర్తు అక్కడున్న చింతచెట్టుది.

పోయిన ఆదివారం ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని టేపుతో వెళ్లాను. మొదలు చుట్టుకొలత పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు. వంటశాలను పడమటి మూలకు మారిస్తే చెట్టు నిలుస్తుంది. అటు గల్లీ తోవ కూడా ఉన్నది, దేగ్‌లు దింపుకోవడానికి వీలు. మా కొలతలు ఒక కాగితం మీద రాసి అధ్యక్షుల వారికి ఇచ్చాను.

మీరు అనబోయే మాటలు నాకు తెలుసు. చెత్త రాలుతుందంటారు. రాలుతుంది, ఊడ్చుకుందాము. దాని కింద మరో మొక్క సరిగా పెరగదంటారు. నిజమే, మనం అక్కడ తోట వేయబోవడం లేదు, మనుషులు కూర్చోబోతున్నారు. కొట్టి కొయ్య అమ్మితే డబ్బు వస్తుందంటారు. ఒక్కసారి వస్తుంది. కాపును ఏటా పాటకు పెడితే ఏటా వస్తుంది. ఆ డబ్బును యతీములైన పిల్లల నోటు పుస్తకాలకు ప్రత్యేకించవచ్చును. కొట్టి కొత్తది నాటుదామంటారు. గింజ నాటితే కాపుకు రావడానికే ఎనిమిది పదేళ్లు పడుతుంది. ఇంతటి మాను కావడానికి మన మనుమలు తాతలు కావాలి. దెయ్యాలంటారా, షాదీఖానాలో దేగ్ మూత తీసిన వాసనకు అవి కూడా వలీమాకు వస్తాయేమో, రానివ్వండి!

ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. చెట్టును ఉంచామని చెప్పి మొదలు దాకా సిమెంటు పోస్తే అది కూడా చంపడమే, కాకుంటే నిదానంగా చంపడం. చుట్టూ కనీసం ఆరేడు అడుగుల మట్టి వదలాలి. వేళ్లు తెగకుండా పునాది తవ్వాలి. చెట్టుకు మేకులు కొట్టి బ్యానర్లు కట్టరాదు.

మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తినే చెట్టు నాటితే అది నాటిన వాడికి సదఖా అవుతుందని మన మౌల్వీ సాహెబులు చెప్పగా విన్నాము. ఈ చెట్టు ఎవరు నాటారో మనకు తెలియదు. ఎవరో పేరు తెలియని పుణ్యాత్ముని సదఖా ఇంకా నడుస్తూ ఉన్నది. దాన్ని ఆపే చేయి మనది కాకూడదని నా విన్నపము.

చింత చచ్చినా పులుపు చావదని తెలుగులో సామెత. నా విషయంలో అది నిజమైంది. నేను కొట్టించిన చింత పోయింది, దాని పులుపు నా నోట్లో ఉండిపోయింది. మీకు ఆ పులుపు వద్దు.

ప్లాను తిరిగి గీయించడానికి అయ్యే ఖర్చు నా జీతం నుండి నేను ఇచ్చుకుంటాను. దానిని చందాగా రాయవద్దు, రసీదు కూడా అవసరం లేదు. నా పాత కాగితానికి అది బదులు అనుకోండి. పెద్దలు ఆలోచించి తీర్మానించగలరని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను.

ఖుదా హాఫిజ్.